ట్రాక్టర్ రిపేరు ప్రశ్నలు: ప్లస్ మైనస్ తారుమారైతే ఏది కాలుతుంది, ఏది మిగులుతుంది

ప్రశ్న: అన్నా, మాది పద్మనాభం మండలం. ఉభాల టైంలో బ్యాటరీ పోతే తగరపువలస వెళ్లి కొత్తది తెచ్చాం. మా బామ్మర్ది చీకటి పడ్డాక బిగించాడు, ప్లస్ వైరు మైనస్‌కి పెట్టేశాడు. పెద్ద మెరుపు, కాలిన వాసన, వెంటనే పీకేసి సరిగ్గా పెట్టేం. ఇప్పుడు కీ తిప్పితే ఏటీ లేదు, లైట్లు లేవు, హార్న్ లేదు, మీటర్లు చచ్చిపోయాయి. సెల్ఫ్ మోటార్ దగ్గర స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే మాత్రం ఇంజన్ స్టార్ట్ అవుతోంది. ఊళ్లో మెకానిక్ వైరింగ్ మొత్తం, డైనమో, సెల్ఫ్ అన్నీ మార్చాలంటున్నాడు. అయినా కీ ఆఫ్‌లోనే ఉంది కదన్నా, ఎలా కాలింది? ఏటి చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మెకానిక్ చేతిలో అడ్వాన్స్ పెట్టకు. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. షార్ట్ చేస్తే సెల్ఫ్ తిరుగుతోందంటే బ్యాటరీ బాగుంది, లావు కేబుల్ బాగుంది, బాడీ ఎర్త్ బాగుంది, సెల్ఫ్ కూడా బాగున్నట్టే. మిగతా బండి మొత్తం ఒక్కసారే చచ్చిపోయిందంటే అన్ని పార్టులూ విడివిడిగా కాలాయని కాదు, వాటన్నిటికీ కరెంటు ఇచ్చే ఒక్క దారి తెగిందని అర్థం. ఆ దారి ఎక్కువ బళ్లలో సెల్ఫ్ మీదున్న పెద్ద బోల్టు దగ్గర మొదలై, మెయిన్ ఫ్యూజ్ గుండా, పాత మోడల్ అయితే డాష్‌లో ఉన్న ఆంప్ మీటర్ గుండా కూడా, కీ స్విచ్‌కి పోతుంది.

కీ ఆఫ్‌లో ఉంది కదా అని చాలామంది అడుగుతారు. డైనమో అని మనం పిలిచేది ఇప్పటి బళ్లలో ఆల్టర్నేటర్. దాని వెనక బి ప్లస్ అనే బోల్టుకి బ్యాటరీ నుంచి వచ్చే వైరు కీతో సంబంధం లేకుండా ఎప్పుడూ లైవ్‌లోనే ఉంటుంది. లోపల డయోడ్లు ఉంటాయి, అవి ఒకవైపే తెరుచుకునే గేట్ల లాంటివి, బ్యాటరీ సరిగ్గా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటాయి. తిరగేసి పెట్టిన క్షణంలో ఆ గేట్లన్నీ బార్లా తెరుచుకుంటాయి, ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య అడ్డం ఏదీ ఉండదు, బ్యాటరీలో ఉన్న కరెంటంతా అటే పరుగెడుతుంది. అప్పుడు ఫ్యూజ్ ముందు పోతే డయోడ్లు బతుకుతాయి, డయోడ్లు ముందు పోతే ఫ్యూజ్ మిగులుతుంది, ఒక్కోసారి రెండూ పోతాయి. నీ బండిలో ఏది జరిగిందో తేల్చడమే ఇప్పుడు పని.

ఇలా చెయ్యి. బ్యాటరీ మైనస్ తీసెయ్. ఆల్టర్నేటర్ వెనక బి ప్లస్ బోల్టు వైరు విప్పి, కొసకి టేపు గట్టిగా చుట్టి పక్కకి కట్టెయ్, అది బాడీకి తగిలితే మళ్లీ షార్టే. ఇప్పుడు సెల్ఫ్ బోల్టు నుంచి బయల్దేరే వైర్లని చూడు. కొన్ని బళ్లలో అక్కడ ఫ్యూజ్ డబ్బా ఉండదు, వైరులోనే ఒక జానెడు ముక్క ఫ్యూజ్‌గా పనిచేస్తుంది. దాన్ని చూసి మోసపోకు, పైన ప్లాస్టిక్ తొడుగు శుభ్రంగానే ఉంటుంది, లోపల రాగి కరిగిపోయి ఉంటుంది. రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది, అలా సాగిందంటే అదే దొంగ. ఆంప్ మీటర్ ఉన్న బండైతే మీటర్ వెనక రెండు వైర్లూ తీసి ఒకదానికొకటి కలిపి, మైనస్ పెట్టి చూడు, లైట్లొస్తే మీటర్ కాలినట్టు.

పోయిన ఫ్యూజ్ స్థానంలో అంతే ఆంపియర్లది వెయ్యి. రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టెలో రేకు పెట్టడం, ఇవన్నీ ఊళ్లలో మామూలే గానీ, ఆల్టర్నేటర్ లోపల షార్ట్ ఇంకా ఉంటే ఈసారి కాలేది నిజంగానే వైరింగ్ మొత్తం. అప్పుడు మీ మెకానిక్ మాటే నిజమవుతుంది.

ఫ్యూజ్ వేశాక, బి ప్లస్ ఇంకా విప్పే ఉంచి, బ్యాటరీ మైనస్ మళ్లీ బిగించి, కీ ఆన్ చెయ్యి. లైట్లు, హార్న్ వచ్చాయా, నీ వైరింగ్ సేఫ్. మామూలు బల్బులకి ప్లస్ మైనస్ పట్టింపు లేదు, హార్న్‌కీ పెద్దగా ఉండదు. సెల్ఫ్ సంగతి కూడా అంతే, పాత రకం కాయిల్ సెల్ఫ్ అయితే తిరగేసి ఇచ్చినా అదే వైపు తిరుగుతుంది, అందుకే కొందరు తిరగేసిన బ్యాటరీతోనే స్టార్ట్ చేసేసి అంతా బాగుందనుకుంటారు. అనుమానించాల్సినవి ఎల్‌ఈడీ లైట్లు, ఇండికేటర్ ఫ్లాషర్, డిజిటల్ మీటరు, పాటల సెట్టు.

చివరగా ఆల్టర్నేటర్. ఒక 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు తీసుకుని రెండు వైర్లు కట్టు. ఇంజన్ ఆఫ్, కీ ఆఫ్. ఆ బల్బుని విప్పిన బి ప్లస్ వైరుకీ ఆల్టర్నేటర్ బోల్టుకీ మధ్యలో పెట్టు. వెలగకపోతే లోపల బ్యాటరీని లాగేసేంత షార్ట్ లేదు, వైరు బిగించేసి స్టార్ట్ చెయ్యి. వెలిగితే డయోడ్లు పోయాయి. అప్పుడు కూడా ఆల్టర్నేటర్ మొత్తం కొనక్కర్లేదు, విప్పి గాజువాక ఆటోనగర్ తీసుకెళ్తే డయోడ్ ప్లేటు, కటౌట్ (చార్జింగ్ వోల్టేజి హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్) విడిగా దొరుకుతాయి, లోపల వైండింగ్ నల్లబడకపోతే అవి మార్చి ఇస్తారు.

ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఆగిపోతే చార్జింగ్ లేదు, 15 దాటితే కటౌట్ పోయింది, బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి.

ఇంకో మాట, ఆ స్క్రూడ్రైవర్ స్టార్టింగ్ ఈరోజే మానెయ్. కీతో అయితే చాలా బళ్లలో న్యూట్రల్ స్విచ్చో క్లచ్ స్విచ్చో అడ్డుపడుతుంది, షార్ట్ చేస్తే అవేవీ పనిచెయ్యవు. గేర్‌లో ఉంటే బండి కదిలిపోతుంది, నువ్వు నిలబడేది సరిగ్గా వెనక టైరు ముందే.

ప్రశ్న: ఆనందపురం నుంచి రాస్తున్నాను సార్. మాకూ ఇలాగే జరిగింది, ఫ్యూజ్ మార్చాక అన్నీ పనిచేస్తున్నాయి, కానీ తెల్లారేసరికి కొత్త బ్యాటరీ పడుకుంటోంది. మెకానిక్ ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూపించాడు, ఇంజన్ ఆగలేదు కాబట్టి డైనమో బాగుందంటున్నాడు.

జవాబు: డీజిల్ ఇంజన్ సార్ అది. నాబ్ లాగితే ఆగే బండికి ఒకసారి స్టార్ట్ అయ్యాక తిరగడానికి కరెంటు అవసరమే లేదు, డైనమో ఊడదీసి ఇంట్లో పెట్టినా తిరుగుతుంది. కాబట్టి ఆ టెస్టు వల్ల తెలిసేది సున్నా. పైగా తిరిగే ఇంజన్ మీద టెర్మినల్ పీకితే ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి, బతికున్న డయోడ్లనీ కటౌట్‌నీ కూడా చంపేస్తుంది. ఎవరు ఎంత సీనియర్ అయినా ఆ పని మీ బండి మీద చెయ్యనివ్వకండి.

మీది డయోడ్ షార్ట్ అయ్యి రాత్రంతా కరెంటు కారిపోయే కేసులా ఉంది. బండి వాడకుండా రాత్రి ఉంచి, పొద్దున్నే ఆల్టర్నేటర్ మీద చెయ్యి వెయ్యండి, ఇంజన్ చల్లగా ఉండి అదొక్కటే వెచ్చగా ఉంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. కీ తీసేసినా చార్జింగ్ లైటు మసగ్గా వెలుగుతుంటే అదీ ఆ గుర్తే. ఖాయం చేసుకోవాలంటే పైన చెప్పిన బల్బు టెస్టు. బాగుచేయించే దాకా రాత్రిపూట మైనస్ తీసి ఉంచండి.

ప్రశ్న: భీమిలి దగ్గర మాది. ఉప్పుగాలికి టెర్మినల్స్ నిండా పొడి పట్టేసింది, రెండు కేబుళ్లూ నల్లగానే ఉన్నాయి. ఏది ప్లస్సో ఎలా తెలుస్తుంది?

జవాబు: వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి కరిగిపోతుంది, ఆరాక బిగించి పైన వ్యాజిలిన్ రాయండి. బ్యాటరీ మీద ప్లస్ గుర్తు కనపడకపోతే రెండు కొమ్ముల్లో లావుది ప్లస్. లగ్గు ఎక్కట్లేదని సుత్తితో కొట్టేవాళ్లని చూస్తుంటాం, అది ఎక్కకపోవడమే అక్కడ పెట్టొద్దని చెప్పడం. కేబుల్ అయితే రెండో కొస దాకా చేత్తో తడుముకుంటూ వెళ్లండి, సెల్ఫ్‌కి పోయేది ప్లస్, బాడీకి బిగించింది మైనస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖర్న, తీసేటప్పుడు మైనస్ ముందు. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి, ఒకే సైజులో ప్లస్ కుడివైపు ఉన్నదీ ఎడమవైపు ఉన్నదీ రెండూ అమ్ముతారు, తిరగేసి బిగించిన కేసులు చాలావరకు అక్కడ మొదలైనవే.

ప్రశ్న: మాది 55 హెచ్‌పీ కొత్త బండి, సీఆర్‌డీఐ (కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే రకం). జంపర్ వైర్లు తిరగేసి పెట్టారు. ఇప్పుడు వార్నింగ్ లైటు వెలుగుతోంది, ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు.

జవాబు: 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి కొత్త పొగ రూల్స్ వచ్చాయి కదా, అందుకే మీ బండిలో డీజిల్ కొట్టేది కంప్యూటర్ డబ్బా చెప్పినట్టే. పైన రాసిన టెస్ట్ బల్బు పనులు దాని వైర్ల మీద చెయ్యొద్దు. మాన్యువల్ చూసి ఫ్యూజులు ఒక్కటొక్కటే తీసి చూడండి, పోయింది ఉంటే అదే రేటింగ్‌ది ఒక్కసారి వెయ్యండి. మళ్లీ పోతే ఆపేసి షోరూం వాళ్లని స్కానర్‌తో రమ్మనండి. ఈలోగా కల్టివేటర్ విరిగిందని బండికి తగిలించి ఉండగానే వెల్డింగ్ పెట్టించకండి.

ప్రశ్న: తాతల నాటి బండి, నిజం డైనమోనే. బ్యాటరీ తిరగేశాక సరిచేశాం, చార్జింగ్ రావట్లేదు. మా పెదనాన్న అసలు దీనికి ప్లస్సే బాడీకి అంటాడు.

జవాబు: పెదనాన్నగారి మాట కొట్టిపారేయకండి, పాత బ్రిటిష్ ట్రాక్టర్లు కొన్ని నిజంగానే ప్లస్ బాడీకి ఇచ్చి వచ్చేవి. వైరింగ్ ఎటు ఉందో ముందు తేల్చుకోండి. దీంట్లో డయోడ్లు లేవు కాబట్టి కాలినవి తక్కువే, లోపల ఇనుములో మిగిలే కాస్త అయస్కాంతం తిరగబడి ఉంటుంది. లూకాస్ రకమైతే డైనమో మీద రెండు వైర్లూ తీసేసి, బాడీకి ఇవ్వని బ్యాటరీ కొస నుంచి ఒక వైరు తెచ్చి, ఎఫ్ అని రాసున్న చిన్న టెర్మినల్‌కి రెండు మూడుసార్లు తాకించి తీసెయ్యండి, పట్టి ఉంచొద్దు. వైర్లు మళ్లీ బిగించి స్టార్ట్ చేసి, ఆంప్ మీటర్ ముల్లు చార్జ్ వైపు వస్తుందేమో చూడండి.