తుపానుకి తడిసిన సార్వా (ఖరీఫ్) వరి పంటను చిన్న రైతు ఎలా దక్కించుకోవాలి?

మీరడిగింది ఇదీ: కోనసీమలో రెండెకరాల కౌలు, ఎకరం చేను పడిపోయింది, ఎకరం కోసి పనల (చేలో పరిచిన వరి కట్టల) మీదుంది, ఇంట్లో రెండు బరకాలే (టార్పాలిన్లే) ఉన్నాయి, పనికి ఇంటి మనుషులే. ముందు దేన్ని పట్టుకోవాలి?

ముందు నీళ్లండి, ధాన్యం తరవాత. చేలో నీరు దిగకుండా పనలు ఎన్నిసార్లు తిప్పినా కింద వైపు నానుతూనే ఉంటాయి. మీ ఒక్కరి గట్టు కొడితే నీరు పోదు, ఎందుకంటే మురుగు కాలవే నిండి ఉంటుంది. ఆ కాలవ కింద రైతులంతా కలిసి తూముల దగ్గర గుర్రపు డెక్క తీయాలి. దిగువ తూము దగ్గర మొదలెట్టి ఎగువకి రండి. పైన ముందు తీస్తే ఆ చెత్తంతా కొట్టుకొచ్చి కింద తూముకి అడ్డం పడుతుంది, చేసిన పని మళ్లీ చేయాలి. సముద్రానికి దగ్గర ఊరైతే పోటు మీద కాలవ వెనక్కి తన్నుతుంది. ఆటులో గట్టు తెరిచి, పోటు రాకముందే మూసేయాలి. తెరిచి వదిలేస్తే ఉప్పునీరు చేలోకొస్తుంది.

పడిన చేను సంగతి గింజ దశని బట్టి ఉంటుంది. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటేసరికి చాలా చేలల్లో గింజ ఇంకా ముదరలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చేసరికి కోతలు నడుస్తున్నాయి. రెండింటికీ ఒకే వైద్యం పనికిరాదు. గింజ పాల మీదుంటే నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టండి. వాన తెరిపిచ్చాక లీటరుకి 1 మి.లీ. ప్రోపికోనజోల్ కొడితే గింజ మచ్చ తగ్గుతుంది. గింజ గట్టిపడి ఉంటే భయం అది మొలకెత్తుతుందనే. అప్పుడు 5 శాతం ఉప్పునీళ్లు, అంటే లీటరుకి 50 గ్రాములు, ఎకరాకి 200 లీటర్లకి 10 కిలోలు. 16 లీటర్ల ట్యాంకుకి 800 గ్రాములు. కల్లుప్పుని విడిగా బకెట్లో కరిగించి గుడ్డతో వడగట్టి పోయండి, లేకపోతే మడ్డి నాజిల్‌కి అడ్డం పడుతుంది. కంకులు బాగా తడవాలి. వెంటనే వాన పడితే కడుక్కుపోతుంది, మళ్లీ కొట్టక తప్పదు. పని అయ్యాక పంపుని మంచినీళ్లతో కడగండి, ఇనుప భాగాలు తుప్పు పడతాయి.

పనలు గట్ల మీదికి చేర్చి, ఆరినంత ఆరనివ్వండి. తడిగానే కుప్ప వేయక తప్పకపోతే వరస వరసకీ ఉప్పు చల్లుతూ వేయండి, ఎకరాకి 25 కిలోలు. నూర్చేసిన ధాన్యమై, ఎండ లేకపోతే క్వింటాలుకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టాలి. మన 75 కిలోల బస్తా లెక్కలో ముప్పావు కిలో ఉప్పు, 15 కిలోల ఊక. ఊక తడి పీలుస్తుంది, ఉప్పు మొలకని ఆపుతుంది. వారం రోజులు ఆగుతుంది, అంతకన్నా ఆశపడకండి. ఎండ రాగానే పోగు విప్పి ఆరబెట్టి, ఊక తూర్పారబట్టాలి.

ధాన్యం వానకే కాదండి, బరకం కింద కూడా చెడుతుంది. తడి ధాన్యాన్ని బరకంతో బిగించి కప్పితే లోపల చెమట పట్టి పైపొర మొలకెత్తుతుంది. కింద ఎండుగడ్డి పరిచి, బరకాన్ని కర్రల మీద ఎత్తి, పక్కలు గాలికి వదలండి. పూటకోసారి పోగులోకి మోచేయి దాకా చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే రాత్రయినా సరే విప్పాలి.

రెండు బరకాలు చాలవు కదా, వీధిలో అందరివీ ఒక లెక్కలో పెట్టుకోండి. ఎవరి ధాన్యం నూర్చి ఉంటే బరకం వాళ్లకి, పనల మీదున్నవాళ్లు ఆగాలి. చైన్ మిషన్ (బురదలో నడిచే కోత యంత్రం) కూడా అంతే. వెనక మడికి దారి ముందు మడిలోంచే కాబట్టి ముందు మడి కోత ముందు. ఈ వరస మిషన్ రాకముందే తేల్చుకోండి, గట్టు మీద తగువు పడితే మిషన్ పక్క ఊరికి పోతుంది.

ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. రంగు మారినవీ మొలకెత్తినవీ పుచ్చినవీ అన్నీ కలిపి 5 శాతం లోపే ఉండాలి, కేంద్రం సడలిస్తే తప్ప. అందుకే తడిసిన ధాన్యాన్ని మంచి దాంట్లో కలపొద్దు, మొత్తం లోడు వెనక్కొస్తుంది. రంగు మారింది విడిగా కట్టి ఉప్పుడు బియ్యం మిల్లుల్లో అడగండి. తేమ చూసేటప్పుడు పక్కనే నిలబడండి. ఆరబెట్టేది రెండు మూడు వేళ్ల మందాన పరిచి, గంటకోసారి తిరగేస్తూ ఆరబెట్టండి. మండుటెండలో గబగబా ఎండితే మిల్లులో నూక పడుతుంది. బూజు వాసన వచ్చింది తిండికి వద్దు, నల్లబడిన గడ్డి గేదెకీ వద్దు.

చేను ముట్టుకునే ముందే ఫోటోలు తీసి, సర్వే నంబరుతో రైతు సేవా కేంద్రంలో చెప్పండి. పెట్టుబడి రాయితీకి నష్టం 33 శాతం, ఆపైన ఉండాలి. ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) సాగుదారుగా మీ పేరుందో లేదో ఇవాళే చూసుకోండి, కౌలుదార్లకి పేచీ వచ్చేది అక్కడే.

వచ్చే సార్వాకి విత్తనం ఈ ధాన్యంలోంచి తీయాలంటే నెల ఆగి చూడండి, కొత్త గింజకి నిద్రావస్థ ఉంటుంది. 100 గింజలు తడి గోనెలో చుట్టి పెడితే 80 మొలవాలి. తక్కువైతే మెరక చేలవాళ్ల దగ్గర మార్పిడి చేసుకోండి, ఆ మాట మాత్రం వాళ్ల ధాన్యం మిల్లుకెళ్లకముందే అనుకోవాలి.