మీ ప్రశ్న – మా జవాబు: తెర మీది మారుపేర్లు

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా ఇంటర్నెట్‌లో చదరంగం ఆడుతున్నాను. రోజూ నాతో ఆడే ఒకరి మారుపేరులో అక్షరాల నడుమ 3, 5 అంకెలు ఉన్నాయి, చివర ఒక అడ్డగీత ఉంది. మేము మొదటిసారి ఫోన్‌లో మాట్లాడుకోబోతున్నాము. ఆ పేరును నోటితో ఎలా పలకాలి?

జవాబు: అంకెను చదవాలా వద్దా అన్నది, అది ఆ పేరులో ఏ పని చేస్తున్నదో చూసి తేల్చుకోవాలి. అక్షరాల నడుమ ఇరుక్కున్న అంకె చాలావరకు అక్షరానికి బదులు వచ్చినదే. 1980లలో, మోడెమ్‌తో నడిచే బులెటిన్ బోర్డుల (ఫోన్ తీగ మీదుగా కంప్యూటర్‌తో సందేశాలు పెట్టుకునే చోట్ల) కాలంలో, ‘లీట్’ అనే రాత పద్ధతి పుట్టింది. ఆకారంలో పోలిక ఉన్నందువల్ల ఇంగ్లీషు ‘ఎల్’కి 1, ‘ఈ’కి 3, ‘ఏ’కి 4, ‘ఎస్’కి 5, ‘టీ’కి 7 రాసేవారు; ఆ పద్ధతి పేరునే 1337 అని రాసుకునేవారు. కాబట్టి ముందుగా 3 ఉన్నచోట ‘ఈ’, 5 ఉన్నచోట ‘ఎస్’ పెట్టి చదివి చూడండి. తెలిసిన మాట ఏదైనా వినిపిస్తే అదే ఆ పేరు.

దీనికి మంచి ఉదాహరణ కెనడా సంగీతకారుడు జోయెల్ జిమర్మాన్ రంగస్థలనామం. ఆయన కంప్యూటర్‌లో చచ్చిన ఎలుక కనిపించిందట. ఆ సంగతి చెప్పినప్పటినుంచి చాట్‌లోని వారు ఆయనను ‘డెడ్ మౌస్’ అని పిలవసాగారు. ఆ మాట మొత్తం పేరు గడిలో పట్టకపోవడంతో కుదించి, చివరి ‘ఎస్’ శబ్దానికి 5 పెట్టుకున్నారు. తెలియని వారు దానిని ‘డెడ్‌మౌ ఫైవ్’ అని చదివేస్తుంటారు.

ఇక అడ్డగీతను పలకనక్కర లేదు. 1988లో మొదలైన ఐఆర్‌సీ అనే ఇంటర్నెట్ చాట్‌లో, 1993 నాటి నిబంధనల ప్రకారం, మారుపేరు 9 అక్షరాలకు మించకూడదు, అంకెతో మొదలు కాకూడదు. కోరుకున్న పేరును అప్పటికే వేరొకరు వాడుతుంటే, చాలా ప్రోగ్రాములు దాని చివర ఒక అడ్డగీతను తామే తగిలించేవి. ఆ అలవాటు ఈనాటికీ మిగిలింది. పేరు చివర వచ్చే అంకెలు కూడా తరచుగా ఇలా చోటు దొరకక చేరినవో, పుట్టిన సంవత్సరమో అయి ఉంటాయి. మాటల్లో వాటిని వదిలేస్తారు.

ఇంత ఆలోచించిన తరవాత కూడా, ఫోన్ ఎత్తగానే “మీ పేరును నేను ఇలా చదువుకుంటున్నాను, సరేనా?” అని అడగడమే మేలు. కొన్ని పేర్లు పలికే మాటలే కావు. వీడియో ప్రసారాలతో పేరు పొందిన ఎక్స్‌క్యూసీ మారుపేరులో, ఫెలిక్స్ అనే తన పేరులోని చివరి అక్షరమూ కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానికి వాడే రెండక్షరాల పొట్టి రూపమూ ఉన్నాయి. దానిని ఒక్కొక్క అక్షరంగానే చదవాలి. ఈ సంగతి ఎవరూ ఊహతో పట్టలేరు.

ప్రశ్న: ‘రాణి’ అనుకుని ఆర్, ఏ, ఎన్, ఐ అని పెట్టుకున్నాను. అందరూ ‘రాని’ అంటున్నారు. బాధగా ఉంది.

జవాబు: మీ బాధ న్యాయమైనదే. రోమన్ లిపిలో ఒక్క ‘ఏ’ అక్షరమే అకారాన్నీ ఆకారాన్నీ మోస్తుంది, ఒక్క ‘ఎన్’ నకారాన్నీ ణకారాన్నీ మోస్తుంది. కాబట్టి చదివేవారి తప్పేమీ లేదు. తెలుగును రోమన్‌లో రాయడానికి ఏర్పడిన రైస్ పద్ధతిలో ణకారానికి పెద్ద ‘ఎన్’ వాడి ఈ చిక్కును తీర్చారు గాని, యూజర్‌నేమ్‌లలో చాలాచోట్ల పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఉండదు. మీ పరిచయ వాక్యంలో మొదటి మాటగా ‘రాణి’ అని తెలుగులో రాయండి. వీలుంటే గొంతుతో చెప్పి చిన్న రికార్డు కూడా పెట్టండి. లినక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అంతటివారే ఆ మాటను తాను ఎలా పలుకుతారో రికార్డు చేసి వినిపించారు. మీరు చెప్పుకోవడంలో మొహమాటపడవలసింది లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఆటలో కలిసిన ఒకరి పేరు చివర 88 ఉంది. అది చెడ్డ గుర్తు అని ఒకరు హెచ్చరించారు. నిజమేనా?

జవాబు: ఒక్క అంకెను చూసి మనిషిని తీర్మానించవద్దు. ఇంగ్లీషు వర్ణమాలలో ఎనిమిదవ అక్షరం ‘హెచ్’ కావడం వల్ల, హిట్లర్‌కు జేజేలు పలికే సంకేతంగా నవనాజీలు 88 వాడుతున్న మాట నిజం. అయితే చైనీయుల చాట్‌లో అదే 88కి ‘బైబై’ అని అర్థం, ఎందుకంటే వారి భాషలో ఆ అంకెలను ‘బా బా’ అని పలుకుతారు. హామ్ రేడియో వారికి (సరదాకు సొంత రేడియోతో సందేశాలు పంపుకునేవారికి) అది ‘ప్రేమతో, ముద్దులతో’ అని సందేశం చివర పంపే సంకేతం. చాలామందికి అది 1988లో పుట్టామని చెప్పుకోవడం మాత్రమే. పేరుతో పాటు ఆ మనిషి మాటలు, పెట్టుకున్న బొమ్మలు ఎలా ఉన్నాయో గమనించండి. అక్కడ కూడా ద్వేషం కనబడితేనే అబ్బాయిని దూరంగా ఉండమనండి.

ప్రశ్న: నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో వింటూ చదువుతాను. కొందరి పేర్లు అసలు వినబడవు. కొన్నిసార్లు ఒక్క పేరుకే పెద్ద వాక్యమంత వినబడుతుంది. ఎందుకు?

జవాబు: ఆ పేర్లను వంపులు తిరిగిన, లావైన అక్షరాలతో రాసి ఉంటారు. చూసేవారికి అవి అందమైన ‘ఏ’, ‘బీ’లు గానీ, నిజానికి అవి గణిత సూత్రాల కోసం యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని లిపుల అక్షరాలకూ వాడే ఉమ్మడి పట్టికలో) చేర్చిన వేరే చిహ్నాలు. అందుకే స్క్రీన్ రీడర్ వాటిని దాటవేస్తుంది, లేదా ఒక్కొక్క చిహ్నం పూర్తి పేరును చదువుతుంది. లోపం మీలో లేదు. పేరు అందరికీ వినబడాలని కోరుకునేవారు దానిని మామూలు అక్షరాలతోనే రాయాలి; మీ మిత్రులను అలా రాయమని నిస్సంకోచంగా అడగండి. మీరు వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ అయితే, 2024.3 వెర్షన్ నుంచి అందులో ‘యూనికోడ్ నార్మలైజేషన్’ అనే అమరిక ఉంది. మాటకు సంబంధించిన సెట్టింగులలో దానిని ఆన్ చేస్తే, ఆ వంపు అక్షరాలను మామూలు అక్షరాలుగానే చదివి వినిపిస్తుంది.