ప్లాంటుకి రిక్టర్ స్కేలు తెలియదమ్మా

అమ్మలూ,

నీ వ్యాసం చదివాను. "7 తీవ్రతకి కట్టిన అణు విద్యుత్ కేంద్రం, వచ్చింది 7.5" అని మొదలుపెట్టావు చూడు, ముందు ఆ వాక్యం కొట్టెయ్. ఏ రియాక్టర్నీ అలా కట్టరు. అసలు తంటా మన 'తీవ్రత' అనే మాటతోనే వచ్చింది, భూమి లోపల పగిలిన చోట విడుదలైన శక్తినీ అదే అంటాం, మన కాళ్ల కింద నేల ఊగినదాన్నీ అదే అంటాం. ప్లాంటుకి కావలసింది రెండోది. తన పునాది ఎంత జోరుగా ఊగింది అన్నదే దాని గొడవ, దాన్ని గాల్‌లలో కొలుస్తారు (గాల్ అంటే త్వరణానికి కొలత, 980 గాల్ అంటే సుమారు ఒక జీ, అంటే భూమి గురుత్వాకర్షణ త్వరణం).

2007లో జపాన్‌లోని కాషివజాకి-కరివా అణు విద్యుత్ కేంద్రం దగ్గర వచ్చిన భూకంపం 6.6. దగ్గర్లోనే పుట్టింది కాబట్టి 1వ యూనిట్ పునాదిలో 680 గాల్ నమోదైంది, డిజైన్‌లో వేసుకున్నది 273. 2011లో జపాన్‌లోనే వచ్చింది ఏకంగా 9.0, అయినా అక్కడి ఫుకుషిమా దాయిచి కేంద్రం 2వ యూనిట్ పునాదిలో 550 గాలే, అక్కడి పరిమితి 438. అంకెలు ఇలా పక్కపక్కన పెడితే చదివేవాళ్లకి చప్పున అర్థమవుతుంది.

పరిమితి దాటింది అనగానే కూలిపోయింది అనుకోకు. నేనూ కొత్తలో అలాగే భయపడేవాణ్ణి. లెక్కలో అడుగడుగునా కొంత మిగులు ఉంచుతారు, పైగా ఉక్కు ముందు సాగుతుంది, ఒక్కసారిగా పుటుక్కున తెగదు. కాషివజాకిలో నడుస్తున్న రియాక్టర్లు వాటంతటవే ఆగాయి, కాలింది బయటున్న ట్రాన్స్‌ఫార్మర్. అమెరికాలో నార్త్ అన్నా అణు కేంద్రంలో కూడా ఊపు 2011 ఆగస్టులో పరిమితి దాటింది, వాడేసిన ఇంధనం పెట్టిన వంద టన్నుల పైచిలుకు పీపాలు కొన్ని అంగుళాలు జరిగాయి, తనిఖీలన్నీ అయ్యాక నవంబరులో మళ్లీ నడిపారు. అక్కడ దాటింది ఎక్కువగా వేగంగా వణికే కంపనాల దగ్గర, పైగా కొద్ది సెకన్లే. అలాంటి వణుకు పెద్ద కట్టడాన్ని అంతగా కదిలించదు, గాల్ అంకె ఒక్కటే చూస్తే మాత్రం భయమేస్తుంది. అందుకే ఏ వేగంలో ఊగింది, ఎంతసేపు ఊగింది అని కూడా అడుగు.

ఇక నువ్వు అసలు పట్టించుకోనిది, కరెంటు, నీళ్లు. ఫుకుషిమాలో కుదుపు రాగానే అణు చర్యని ఆపే కంట్రోల్ రాడ్లు లోపలికి వెళ్లాయి, బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. సుమారు 50 నిమిషాలకి వచ్చిన సునామీ వాటిని ముంచేసింది. ఆగిన రియాక్టర్ కూడా వేడి పుట్టిస్తూనే ఉంటుంది, చల్లార్చే దారి లేకపోయింది. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరగా ఉన్న ఒనగావా అణు కేంద్రం సుమారు 14 మీటర్ల ఎత్తు నేల మీద ఉంది, వచ్చిన అల 13. బయటి నుంచి వచ్చే ఐదు కరెంటు లైన్లలో ఒక్కటి మిగిలింది. నీ వ్యాసంలో ఈ కరెంటు, నీళ్ల సంగతికి ఒక్క పేరా అయినా ఇవ్వు.

తిరగరాసి పంపు. గాల్ అంకె రాసిన ప్రతిచోటా సెన్సార్ నేల మీదుందా, పునాదిలో ఉందా, పై అంతస్తులో ఉందా అన్నది రాయి, పైకి వెళ్లేకొద్దీ ఊపు పెరుగుతుంది.

మీ పెదనాన్న