ఫైర్‌వాల్ ఆపెయ్యమని రాయకు

తమ్ముడూ,

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కైనా రిమోట్ డెస్క్‌టాప్ కలపడం, అంటే దూరంగా ఉన్న మెషీన్ తెరని ఇక్కణ్ణుంచే చూస్తూ నడపడం మీద నువ్వు రాసిన గైడు చదివాను. భాష తేటగా ఉంది. కానీ విండోస్ అధ్యాయంలో "కనెక్ట్ కాకపోతే ముందుగా ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడండి" అన్న వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. మిగతా అధ్యాయాలన్నీ చదివాకే ఇది రాస్తున్నాను, అయినా ఆ కోపం తగ్గలేదు.

ఆ వాక్యం పాఠకుణ్ణి ఎక్కడికి తీసుకుపోతుందో చూడు. బయటినుంచి వచ్చే కనెక్షన్లని వడకట్టే ఆ కాపలాని ఆపాక కనెక్ట్ అయిందనుకో, పని అయిపోయిందని అలాగే వదిలేస్తాడు. మళ్ళీ ఆన్ చెయ్యమని నువ్వెక్కడా రాయలేదు. కనెక్ట్ కాలేదనుకో, అప్పుడూ ఏమీ తేలదు. యాంటీవైరస్‌తో వచ్చిన రెండో ఫైర్‌వాల్ అడ్డుపడుతుండొచ్చు, అవతలి మెషీన్ స్లీప్‌లోకి వెళ్ళి ఉండొచ్చు, దాని ఐపీ అడ్రస్ మారిపోయి ఉండొచ్చు. ఎటు చూసినా రక్షణ పోయింది, కారణం మాత్రం తెలియలేదు.

నేను పట్టుకుని వేలాడే మాట ఒకటే. ట్రబుల్‌షూటింగ్‌లో ప్రతి స్టెప్పూ ఒక అనుమానాన్ని తేల్చాలి. ఏం చెయ్యాలో చెప్పు. చేశాక తెరమీద ఏం కనబడుతుందో చెప్పు. అది కాక ఇంకోటి కనబడితే తప్పు ఎటువైపు ఉన్నట్టో చెప్పు. ఏదైనా మారిస్తే దాన్ని వెనక్కి తిప్పే దారి కూడా అక్కడే చెప్పు. నిడివి తగ్గించాలనుకున్నప్పుడు సంపాదకులు మొట్టమొదట కోసేది "ఇప్పుడు ఇది కనబడాలి" అన్న వాక్యాన్నే. దాన్ని కోయనివ్వకు. ముందుమాట మొత్తం తీసేసినా ఒప్పుకో, ఆ వాక్యం కోసం మాత్రం పోట్లాడు.

నీ విండోస్ అధ్యాయం ఎలా మొదలవ్వాలో చెబుతాను. అన్నిటికంటే ముందు ఎడిషన్. విండోస్ హోమ్ నుంచి వేరే మెషీన్‌కి వెళ్ళొచ్చు గానీ, హోమ్ ఉన్న మెషీన్‌లోకి మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌తో రావడం కుదరదు. అందుకు ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ వంటి ఎడిషన్లు కావాలి. ఈ ముక్క నీ గైడులో ఎక్కడా లేదు. హోమ్ ఉన్నవాడు నీ స్టెప్పులన్నీ చేసి, చివరికి తప్పు తనదే అనుకుంటాడు.

తర్వాత పోర్టు, అంటే కనెక్షన్ వచ్చి చేరే నంబరున్న తలుపు. మనం కూర్చున్న ఇవతలి మెషీన్ నుంచి, విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశం, అవతలి ఐపీ అడ్రస్, రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వాడే పోర్టు 3389 ఇచ్చి నడపమను. చివరి లైనులో టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ ఎదురుగా 'ట్రూ' వస్తే ఫైర్‌వాల్ జోలికే వెళ్ళక్కర్లేదు, ఇక చూడాల్సింది యూజర్ పేరు, పాస్‌వర్డ్, అనుమతులు. 'ఫాల్స్' వస్తే అవతలి మెషీన్ దగ్గర, ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపే నెట్‌స్టాట్ ఆదేశం నడిపి, 3389 మీద 'లిజనింగ్' ఉందో లేదో చూడమను. లేకపోతే రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చెయ్యలేదు, లేదా దాన్ని నడిపే టర్మ్‌సర్వీస్ ఆగిపోయింది, లేదా ఎవరో పోర్టు మార్చారు. లిజనింగ్ ఉండి కూడా బయటినుంచి 'ఫాల్స్' వస్తుంటే ముందు అడ్రస్ సరిచూసుకుని, అప్పుడు ఫైర్‌వాల్‌ని అనుమానించాలి. అప్పుడైనా మొత్తం ఆపక్కర్లేదు. ఇన్‌బౌండ్ రూల్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ రూల్ ఎనేబుల్ అయి ఉందా, ఇప్పుడున్న నెట్‌వర్క్ ప్రొఫైల్‌కి అది వర్తిస్తుందా, స్కోప్‌లో ఏ అడ్రస్‌లకు అనుమతి ఉంది, ఈ మూడూ చూస్తే చాలు. ఇదంతా నువ్వు రాసిన ఒక్క వాక్యం కంటే పొడుగే. కానీ చదివినవాడికి తన మెషీన్ సంగతి తెలుస్తుంది.

మెషీన్ పలుకుతుందో లేదో చూసే పింగ్ ఆదేశంతో తేల్చుకోమని కూడా రాశావు. పింగ్‌కి జవాబివ్వని విండోస్ మెషీన్లు రిమోట్ డెస్క్‌టాప్‌కి చక్కగా జవాబిస్తాయి, ఎందుకంటే ఫైర్‌వాల్‌లో ఆ రెండిటికీ వేర్వేరు రూల్స్. కాబట్టి పింగ్ వస్తే మెషీన్ లేచి ఉన్నట్టు, రాకపోతే ఏమీ తేలనట్టు. దానికంటే పనికొచ్చేది టైమ్‌డ్ అవుట్‌కీ రెఫ్యూజ్డ్‌కీ తేడా. కనెక్షన్ వెంటనే రెఫ్యూజ్ అయిందంటే మామూలుగా మెషీన్ దాకా చేరినట్టే, ఆ పోర్టు దగ్గర వినేవాళ్ళు లేరంతే. చాలాసేపు ఆగి టైమ్‌డ్ అవుట్ అయిందంటే దారిలో ఎవరో ప్యాకెట్‌ని మింగేశారు, లేదా ఆ అడ్రస్‌లో మెషీనే లేదు. లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పోర్టుకి కనెక్ట్ అయి చూసే ఎన్‌సీ ఆదేశంతో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది.

పాస్‌వర్డ్ భాగంలో రెండు వాక్యాలు చేర్చు. లాగిన్ తెర దగ్గర వాడే పిన్ ఇక్కడ పనిచెయ్యదు, అకౌంట్ అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న లోకల్ అకౌంట్‌ని విండోస్ డీఫాల్ట్‌గా రిమోట్‌లో రానివ్వదు. అడ్మినిస్ట్రేటర్ కానివాళ్ళు రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో ఉండాలన్నది నువ్వు రాశావు, సరిగ్గా రాశావు.

లాగిన్ వివరాల్ని అవతలి మెషీన్‌కి అందించే క్రెడ్‌ఎస్‌ఎస్‌పీ పద్ధతిలో వచ్చే ఎర్రర్‌కి నువ్వు చెప్పిన మందు మాత్రం ప్రమాదం. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో విలువ 2 పెట్టమన్నావు. ఆ 2కి అర్థం పాత లోపాన్ని అలాగే ఒప్పుకోమని. 2018 మార్చిలో ఆ లోపానికి ప్యాచ్ వచ్చింది, మే నెలలో డీఫాల్ట్‌ని బిగించారు. అప్పటినుంచి, ఒకవైపు అప్‌డేట్ అయి రెండోవైపు కాకపోతే ఆ ఎర్రర్ వస్తుంది. రెండు మెషీన్లనీ అప్‌డేట్ చెయ్యమనడమే సరైన జవాబు. తెర రాకముందే పాస్‌వర్డ్ అడిగే నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ తీసెయ్యమన్న చోట కూడా కొట్టివేత గీత పెట్టాను. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపం పాస్‌వర్డ్ అడగకముందే లోపలికి దారిచ్చేది. ప్యాచ్ లేని మెషీన్ల మీద, అకౌంట్ లేనివాడు ఆ దారిన రాకుండా కొంతైనా అడ్డుకున్నది ఆ సెట్టింగే.

ఇక నీ గైడు మొత్తంలో పెద్ద లోటు. కనెక్ట్ అయ్యాక వచ్చే నల్ల తెర గురించి మూడు అధ్యాయాల్లో మూడు వేర్వేరు చిట్కాలు ఇచ్చావు, ఎందుకొస్తుందో ఒక్కచోటా చెప్పలేదు. చెప్పాలంటే ముందు పాఠకుడికి రెండు రకాల సాఫ్ట్‌వేర్లను విడదీసి చూపించాలి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే ఆర్‌డీపీ, లైనక్స్‌లో అదే పని చేసే ఎక్స్‌ఆర్‌డీపీ వంటివి ఒక సెషన్‌లోకి లాగిన్ చేసి, దానికంటూ ఒక తెరను తయారుచేస్తాయి. మ్యాక్ స్క్రీన్ షేరింగ్, ఎక్స్‌11వీఎన్‌సీ, ఎనీడెస్క్, రస్ట్‌డెస్క్ వంటివి మామూలుగా మెషీన్ ముందు కనబడే తెరనే పంపిస్తాయి. ఈ తేడా తెలిస్తే సగం ప్రశ్నలు విడిపోతాయి. మానిటర్ పీకేసిన మెషీన్‌లో రెండో రకానికి పంపడానికి తెర ఉండకపోవచ్చు, అప్పుడు మానిటర్ ఉన్నట్టు నమ్మించే హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ పెడితే సరిపోతుంది. ఆర్‌డీపీకి ఆ ప్లగ్‌తో పనిలేదు. మామూలు విండోస్‌లో ఆర్‌డీపీతో వెళ్ళగానే అక్కడి తెర లాక్ అవుతుంది, కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఏదైనా చూపించాలంటే అది పనికిరాదు. ఎనీడెస్క్‌ని ఇన్‌స్టాల్ చెయ్యకుండా ఊరికే నడిపితే, అడ్మిన్ అనుమతి అడిగే యూఏసీ డబ్బా వచ్చినప్పుడు ఇవతలివాళ్ళు దాన్ని నొక్కలేరు, ఎందుకంటే విండోస్ ఆ డబ్బాని విడిగా, రక్షిత డెస్క్‌టాప్ మీద చూపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసి సర్వీసుగా నడిపితే ఆ చిక్కు పోతుంది.

లైనక్స్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ నల్ల తెరకి చాలాసార్లు కారణం, అదే యూజర్ ఆ మెషీన్ ముందు కూడా లాగిన్ అయి ఉండటం. అక్కడ లాగవుట్ చేసి మళ్ళీ కనెక్ట్ అవ్వమను, డెస్క్‌టాప్ వస్తే కారణం తేలినట్టే. అయినా రాకపోతే /var/log డైరెక్టరీలో ఎక్స్‌ఆర్‌డీపీ లాగ్, సెషన్లని నడిపే సెస్‌మ్యాన్ లాగ్ రెండూ తెరవమను. డెబియన్, ఉబుంటుల్లో ఎన్‌క్రిప్షన్ తాళం ఉండే కీ.పెమ్ ఫైలు దగ్గర 'పర్మిషన్ డినైడ్' కనబడితే ఎక్స్‌ఆర్‌డీపీ యూజర్‌ని ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్ గ్రూపులో చేర్చి సర్వీసు రీస్టార్ట్ చెయ్యాలి. లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్‌కున్న సొంత రిమోట్ డెస్క్‌టాప్, ఎక్స్‌ఆర్‌డీపీ రెండూ ఒకే మెషీన్‌లో ఆన్ చేయించావు. రెండూ 3389 కోసమే చూస్తాయి, ఒకటి తీసెయ్.

"వేలాండ్ బదులు ఎక్స్‌11 సెషన్ ఎంచుకోండి" అన్న సలహాకి కాలం చెల్లింది. రెండూ లైనక్స్ తెరని నడిపే పద్ధతులే, వేలాండ్ కొత్తది, ఎక్స్‌11 పాతది. ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఎక్స్‌11 సెషనే లేదు. ఎక్స్‌11వీఎన్‌సీ వేలాండ్ తెరని పట్టుకోలేదు కాబట్టి, గ్నోమ్ వాడేవాళ్ళకి దాని సొంత ఆర్‌డీపీనే చూపించు. ఉబుంటు 24.04లో వచ్చిన గ్నోమ్ 46 నుంచి అందులో రెండు భాగాలున్నాయి. డెస్క్‌టాప్ షేరింగ్ ఇప్పటికే లాగిన్ అయి ఉన్న తెరని పంపిస్తుంది, రిమోట్ లాగిన్ ఎవరూ లాగిన్ కాని మెషీన్‌లోకి కూడా రానిస్తుంది. డెస్క్‌టాప్ షేరింగ్‌తో ఆటో లాగిన్ పెట్టుకున్నవాళ్ళకి రీస్టార్ట్ తర్వాత కనెక్షన్ రాకపోవడం మామూలు. దాని పాస్‌వర్డ్, పాస్‌వర్డులు దాచే కీరింగ్‌లో ఉంటుంది, ఆటో లాగిన్ ఆ కీరింగ్‌ని తెరవదు.

మ్యాక్ అధ్యాయంలో బొమ్మలు తీసెయ్, మాటలు పెట్టు. బొమ్మలతో పేజీ నింపడం ఒక ఫ్యాషన్ అయిపోయింది. 2022లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెంచురాలో సిస్టమ్ ప్రిఫరెన్సెస్ పోయి సిస్టమ్ సెట్టింగ్స్ వచ్చింది, ఒక్క విడుదలతో పాత గైడుల్లోని ఆ బొమ్మలన్నీ చెల్లకుండా పోయాయి. 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో స్క్రీన్ రికార్డింగ్' అని మాటల్లో రాసినవాళ్ళ పాఠకులు వెతుక్కోగలిగారు. ఆ అనుమతి గురించి ఇంకాస్త రాయి. అది ఇవ్వకపోతే బయటి సాఫ్ట్‌వేర్లలో వాల్‌పేపర్ కనబడుతుంది గానీ విండోలు కనబడవు. అవి కనబడుతున్నా మౌస్ కదలకపోతే లేనిది యాక్సెసిబిలిటీ అనుమతి. అనుమతి ఇచ్చాక ఆ సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా మూసి మళ్ళీ తెరవాలి. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉన్న మ్యాక్‌ని దూరం నుంచి రీస్టార్ట్ చేస్తే, డిస్కు అన్‌లాక్ అయ్యేదాకా స్క్రీన్ షేరింగ్ మొదలవ్వదు. ఈ హెచ్చరిక రీస్టార్ట్ స్టెప్పుకి ముందే ఉండాలి, తర్వాత ఉంటే లాభం లేదు.

చివరి అధ్యాయంలో రౌటర్‌లో 3389ని ఇంటర్నెట్‌కి తెరవమన్నావు, భద్రత కోసం బయటి నంబరు మార్చమన్నావు. నంబరు మార్చినంత మాత్రాన పోర్టులు వెతికే ప్రోగ్రాముల నుంచి దాక్కోలేం. ఆ అధ్యాయం మొత్తం, ఎన్‌క్రిప్ట్ అయిన దారిలోంచి కలిపే వీపీఎన్ మీద గానీ, ఎస్‌ఎస్‌హెచ్ టనెల్ మీద గానీ తిరగరాయి. టనెల్ అయితే ఇవతలి మెషీన్‌లోని 13389ని అవతలి లోకల్‌హోస్ట్ 3389కి కలిపి, క్లయింట్‌లో లోకల్‌హోస్ట్:13389 అని ఇవ్వాలి. తెరని పంపే ఇంకో పద్ధతైన మామూలు వీఎన్‌సీకి ఇది మరీ అవసరం, దాని పాత పద్ధతిలో పాస్‌వర్డ్ మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వస్తాయి, తెర మీది సమాచారానికి ఎన్‌క్రిప్షన్ ఉండదు. రౌటర్ బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఎన్ని పోర్టులు తెరిచినా బయటినుంచి ఏమీ రాదని కూడా రాయి. ఒకే పబ్లిక్ అడ్రస్‌ని ప్రొవైడర్ చాలామందికి పంచుతున్నట్టు దానర్థం.

"అయిదు నిమిషాల్లో రిమోట్ డెస్క్‌టాప్" అన్న పేరు ఎవరు పెట్టమన్నారో గానీ, తీసెయ్. అయిదు నిమిషాలు దాటిన ప్రతివాడూ తనకి చేతకాలేదనుకుంటాడు.

లైనక్స్ అధ్యాయం ముందు తిరగరాసి పంపు, అక్కడే పని ఎక్కువ. ప్రతి స్టెప్పు పక్కనా ఏ వెర్షన్‌లో చేసి చూశావో రాయి. ఎర్రర్ మాటల్ని నీ సొంత మాటల్లోకి మార్చకుండా, తెరమీద ఉన్నది ఉన్నట్టు దించు, చిక్కుల్లో ఉన్నవాడు వెతికేది ఆ మాటలతోనే. విండోస్ అధ్యాయం ఆ తర్వాత చూస్తాను.

ఉంటాను,
అన్న