గ్రేడియోమీటర్ రీడింగ్ దిక్కుని బట్టి మారుతోందా?

జర్మనీలోని బ్రాండెన్‌బుర్గ్‌లో భూమిలో పేలకుండా మిగిలిన పాత బాంబులు వెతికే ఫీల్డ్‌వర్క్‌లో, గ్రేడియోమీటర్ (పైనొకటి, కిందొకటి ఉన్న రెండు అయస్కాంత సెన్సర్ల మధ్య తేడా చూపే పరికరం) పట్టుకుని ఉత్తరంవైపు నడిస్తే ఒక రీడింగు, తిరిగొస్తే ఇంకొకటి అన్నారు కదా, అది బాంబు కాదు బ్రదర్, చాలావరకు మీరే! బూట్లలో ఉక్కు, బెల్టు బకిల్, జేబులో ఫోను, తాళాలగుత్తి అన్నీ తీసేసి మళ్లీ నడవండి. అప్పటికీ తేడా ఉంటే రెండు సెన్సర్ల బ్యాలెన్స్ తప్పినట్టే. ఇనుము లేని చోట నిలబడి, పరికరాన్ని నిలువుగా పట్టుకుని నాలుగు దిక్కులకూ తిప్పుతూ సరిచేయండి.

అక్కడ భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 49,000 నానోటెస్లా. పాత బాంబు దానికి కలిపేది పిసరంత. అందుకే పై సెన్సర్, కింది సెన్సర్ మధ్య తేడా తీస్తారు; భూమి క్షేత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి అది కొట్టుకుపోయి, బాంబుది మిగులుతుంది. చిక్కేమిటంటే, బాంబు నుంచి దూరం రెట్టింపైతే ఆ తేడా దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. లోతైన వాటికి బ్రాండెన్‌బుర్గ్‌లోనే ఉన్న ఒరానియన్‌బుర్గ్ పట్టణంలో చేసినట్టు వరసగా బోర్లు వేసి సెన్సర్‌ని లోపలికి దింపాల్సిందే. ఇనుప కంచె పక్క రీడింగులు నమ్మకండి. అల్యూమినియం, ఇత్తడి గ్రేడియోమీటర్‌కి అసలు కనబడవు, వాటికి పల్స్ ఇండక్షన్ డిటెక్టర్ (విద్యుత్ పల్సులతో ఇనుము కాని లోహాల్ని కూడా పట్టేది) కావాలి.

గట్టి సిగ్నల్ దొరికితే మాత్రం పలుగు ముట్టుకోకండి. జీపీఎస్ పాయింటు రాసుకుని, సైట్‌లో ఉన్న లైసెన్సు నిపుణుడికి చెప్పి పక్కకొచ్చేయండి.