దుప్పి జాడ తీసే కుక్కను కొనబోతున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ, అమ్మాయీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

పైడితల్లమ్మ పండగకు వచ్చినప్పుడు సిరిమాను చూసే జనం మధ్య నిలబడి నువ్వడిగిన ప్రశ్నకు అక్కడ తీరుబడిగా జవాబు చెప్పలేకపోయాను. పోలీసువారి నుంచి రైఫిల్ సర్టిఫికెట్ వచ్చిందనీ, స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ దగ్గరి ఎస్టేటులో దుప్పులను కాల్చడానికి అనుమతి కూడా దొరికిందనీ, ఇక మంచి కుక్క ఒకటి కావాలనీ, ఏ జాతిది కొనమంటావనీ అడిగావు. ఆ ప్రాంతంలోనే చాలాకాలం పశువైద్యుడిగా ఉండి, వేటగాళ్ల కుక్కలకు కుట్లు వేసి, వాటి వెంట కొండలు ఎక్కినవాణ్ణి కనుక నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మన సాలూరు, పాలకొండ వైపు అడవుల్లో దుప్పిని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, కుక్కలతో తరిమించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. కాబట్టి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఈ విద్యను ఇక్కడ ఎవరికీ నేర్పవద్దు. స్కాట్లాండ్ పరిస్థితి వేరు. అక్కడ తోడేళ్లు అంతరించి మూడు వందల ఏళ్లు దాటాయి, దుప్పులను తినే జంతువేదీ మిగలలేదు, అవి విపరీతంగా పెరిగి లేత మొక్కలను బతకనివ్వడం లేదు, అందుకే వాటి సంఖ్యను తుపాకితో అదుపులో ఉంచుతారు. అయితే కుక్కను ఉసిగొల్పి దుప్పిని తరిమి చంపించడం అక్కడా నేరమే. 2002లో వచ్చిన చట్టం స్థానంలో 2023లో మరింత కఠినమైన చట్టం వచ్చింది. దాన్ని పూర్తిగా చదివిన తర్వాతే కుక్కను కొండకు తీసుకువెళ్లు.

ఇక కుక్క దేనికో ఆలోచించు. గుండెకో ఊపిరితిత్తులకో సరిగ్గా తగిలిన దుప్పి సైతం యాభై, వంద గజాలు పరుగెత్తి పడిపోతుంది. స్ప్రూస్ చెట్ల తోటలోనో, నడుమెత్తు పెరిగే బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లోనో ఆ వంద గజాల్లోనే అది మనిషి కంటికి అందకుండా పోతుంది. గురి కాస్త తప్పి పొట్టకో కాలికో తగిలిందంటే ఆ మూగజీవి ఎక్కడో నక్కి, గంటల తరబడి నరకం అనుభవించి చస్తుంది. తుపాకి పట్టిన ప్రతి మనిషికీ ఆ బాధను తొందరగా ముగించే బాధ్యత ఉంది. ఆ బాధ్యత తీర్చడానికి కుక్క కావాలి తప్ప పదిమందిలో చూపించుకోవడానికి కాదు. జాతిని ఎంచుకునేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకుంటే సగం సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి.

కుక్క చేసే పనులు రెండు. కాల్చక ముందు నీ పక్కనే చప్పుడు చేయకుండా నడుస్తూ, దుప్పి ఉన్న దిక్కును పసిగట్టి చూపడం మొదటిది. కాల్చిన తర్వాత పొడవాటి పగ్గం మీద నేలకు ముక్కు ఆనించి జాడ తీయడం రెండవది. మొదటి పనికి ఓర్పు, నిశ్శబ్దం కావాలి. రెండవ పనికి పట్టుదల కావాలి. ఈ రెండూ ఒకే కుక్కలో సమపాళ్లలో దొరకడం అరుదు.

జాడ తీయడంలో జర్మనీ జాతులైన హనోవేరియన్ వేటకుక్కలను, బవేరియన్ కొండకుక్కలను మించినవి లేవు. ముప్ఫై, నలభై కిలోల బరువుండే హనోవేరియన్ కుక్క బవేరియా కొండల ఏటవాలుకు భారమైందని 1870 తర్వాత దాన్ని తేలికపాటి కొండజాతులతో దాటించి, ఇరవై, పాతిక కిలోల బవేరియన్‌ను తయారుచేశారు. మ్యూనిక్‌లో ఆ జాతికి 1912లోనే సంఘం ఏర్పడింది. ఒకసారి రాత్రంతా వాన కురిసిన మర్నాడు అలాంటి కుక్క వెంట నడిచాను. వాగు ఒడ్డున అది ఆగిపోయింది. ముందుకు వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది, అర్ధచంద్రాకారంగా తిరిగి ఒక బ్రాకెన్ ఆకు దగ్గర నిలబడి యజమాని వైపు చూసింది. ఆకును తిప్పి చూస్తే అడుగున వానకు తడవని చోట కందిగింజంత రక్తపు చుక్క ఉంది. దుప్పి తాను వచ్చిన దారినే వెనక్కి నడిచి పక్కకు తప్పుకుందని అప్పుడు మాకు అర్థమైంది. మేమెవరం అది కనిపెట్టలేకపోయేవాళ్లం.

ఇంత చెప్పిన తర్వాత కూడా నీకు ఆ జాతి వద్దనే అంటాను. ఆ కుక్క ఏడాది పొడవునా జాడలు తీస్తూ ఉండాలి. చుట్టుపక్కల ఎస్టేట్లవారు గాయపడిన దుప్పి కోసం అర్ధరాత్రి ఫోన్ చేసినా లేచి వెళ్లగలిగే మనిషి దగ్గర అది రాణిస్తుంది. నువ్వు ఆసుపత్రి డ్యూటీలు చూసుకుంటూ వారాంతంలో మాత్రమే కొండకు వెళ్లేవాడివి. పనిలేని బవేరియన్ దిగులుపడి పాడైపోతుంది, దానికి అది అన్యాయం.

జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్ గురించి నీ స్నేహితుడు గొప్పగా చెప్పాడన్నావు. అన్ని పనులూ వచ్చిన గట్టి కుక్క, చలికి వెరవదు. కానీ రోజూ మైళ్లకొద్దీ పరుగెత్తించాలి, మొదటి కుక్కగా పెంచేవారికి చెయ్యి దాటిపోతుంది. డీర్‌హౌండ్ పేరు విని మోసపోకు. అది చూపుతో తరిమే కుక్క, రైఫిళ్లు వచ్చాక దాని పని తగ్గింది, ఇప్పటి చట్టాల కింద అసలే లేదు.

మిగిలినవి రెండు. గరుకు వెంట్రుకల డాక్స్‌హుండ్‌ను అక్కడి వేటగాళ్లు టెకెల్ అంటారు. తొమ్మిది, పది కిలోల ప్రాణి. ముక్కు ఎప్పుడూ నేల దగ్గరే ఉంటుంది, నిదానంగా నడుస్తుంది కనుక పగ్గం పట్టుకున్న మనిషికి ఆయాసం రాదు, చిన్న ఇంట్లో ఇమిడిపోతుంది. తోటల్లో రో డీర్ అనే చిన్న జాతి దుప్పిని మాత్రమే కాల్చేవాడివైతే నిస్సంకోచంగా దాన్నే కొనమనేవాణ్ణి. కానీ నీ ఎస్టేటులో రెడ్ డీర్ అనే పెద్ద జాతి దుప్పులు ఎక్కువ, కొండ మీద పెరిగే హెదర్ పొదలు టెకెల్ వీపు దాటి ఉంటాయి, పైగా పొడవాటి వెన్ను కారణంగా డిస్కు జారి వెనుక కాళ్లు పడిపోయిన టెకెళ్లకు నేనే వైద్యం చేశాను. మెట్లున్న ఇంట్లో, దాన్ని ఎత్తుకుని దింపే చిన్నపిల్లల మధ్య ఆ భయం ఇంకా ఎక్కువ.

అందుచేత నీకు లాబ్రడార్, అందులోనూ ఆడ కూన తగినదని నా అభిప్రాయం. అదేమిటి, ప్రతి ఇంట్లోనూ ఉండే కుక్కే కదా అని తీసిపారేయకు. పని చేసే వంశంలో పుట్టిన లాబ్రడార్ కాలి పక్కన నడుస్తూ హఠాత్తుగా ఆగి, ముందు కాలు సగం ఎత్తి, చెవులు నిక్కించి, ముక్కుపుటాలు అదురుతుండగా గాలి వచ్చే దిక్కుకు మెడ తిప్పిందంటే అక్కడ దుప్పి ఉన్నట్టే. నిశ్శబ్దంగా గంటసేపు తడినేల మీద పడుకోమంటే పడుకుంటుంది. జాడ తీయడంలో బవేరియన్ అంత కాకపోయినా, ఆ రోజు కాల్చిన దుప్పిని ఆ రోజే వెదికి పెట్టడానికి బాగా సరిపోతుంది. అంతకు మించిన కష్టం వస్తే బవేరియన్ ఉన్నవారిని పిలవడానికి మొహమాటపడకు.

జాతి నిర్ణయమైనాక అసలైన ఎంపిక మొదలవుతుంది. ప్రదర్శనల కోసం పెంచిన బరువైన వంశం వద్దు. తల్లి దుప్పి జాడ తీస్తుండగా నీ కళ్లతో చూడు, తుపాకి చప్పుడుకు బెదురుతుందేమో గమనించు, కొత్తవాళ్ల దగ్గరకు ఎలా వస్తుందో చూడు. తల్లిదండ్రులిద్దరి తుంటి ఎక్స్‌రే మార్కులు అడుగు. అక్కడ రెండు తుంట్లకూ కలిపి సున్నా నుంచి 106 వరకు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. మోచేతి మార్కు సున్నా ఉండాలి. కంటి పరీక్ష, గట్టిగా పరుగెత్తితే కుప్పకూలిపోయే జబ్బుకు చేసే జన్యుపరీక్ష కాగితాలు కూడా చూపించమను. కాగితాలు లేవన్నవారి దగ్గర బేరం కూడా ఆడవద్దు.

కూన ఇంటికి రాగానే శిక్షణ మొదలుపెట్టవచ్చు. దుప్పి కాలేయం ముక్కను దారానికి కట్టి పొట్టి గడ్డి మీద ఇరవై, ముప్ఫై అడుగులు ఈడ్చి, చివర తిండిగిన్నె పెట్టు. గాలి కూన వెనుక నుంచి వీచేలా చూసుకో. ఎదురుగాలి అయితే తల ఎత్తి గాలిలోనే వాసన పట్టి నేరుగా గిన్నె దగ్గరకు పోతుంది, నేల మీద జాడ నేర్చుకోదు. వారానికి ఒకసారి చాలు, విసుగు పుట్టించకూడదు. కొన్ని నెలల తర్వాత దుప్పి గిట్టలు బిగించిన బూట్లతో నడిచి, అక్కడక్కడా కొద్దిపాటి రక్తం చిలకరించి, బాటను క్రమంగా పొడిగిస్తూ కొన్ని గంటలు, ఆపైన ఒక రాత్రి పాతబడనివ్వాలి. జర్మనీవారి పరీక్షలో కుక్క కనీసం 20 గంటలు పాతబడిన 1000 మీటర్ల బాట తీయాలి. నీ కుక్క అంత దూరం రానక్కరలేదు కానీ ఆ పద్ధతి సరైనది.

కొండ మీద తుపాకి పేలగానే కుక్కను వదలకు. దుప్పి నిలుచున్న చోట గుర్తు పెట్టి, అక్కడ పడినదాన్ని పరీక్షించు. నురగతో కూడిన లేత ఎర్రని రక్తమైతే ఊపిరితిత్తులకు తగిలింది, దగ్గరలోనే పడి ఉంటుంది. ముదురు రంగైతే కాలేయం. పచ్చని పసరు, కంపు ఉంటే పొట్టకు తగిలింది, అప్పుడు కొన్ని గంటలు ఆగాలి. తొందరపడి వెంటపడితే పడుకున్న దుప్పి లేచి మైళ్ల దూరం పోతుంది. పది మీటర్ల పగ్గం, మెడకు వెడల్పాటి తోలు పటకా వాడు. ఇంటికి వచ్చాక చంకల్లో, చెవుల వెనుక, వేళ్ల సందుల్లో పిడుదులు వెతికి తీసేయి. హైలాండ్స్ అనే ఆ కొండ ప్రాంతంలో వాటి ద్వారా లైమ్ జబ్బు కుక్కకూ వస్తుంది, నీకూ వస్తుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు తల్లిదండ్రుల పరీక్ష కాగితాలు ఫొటో తీసి నాకు పంపు. చూసి వెంటనే చెబుతాను.

ఇట్లు,
నీ మేనమామ