‘అ లా త్యుర్క్’ని ఇంగ్లీషులో ఏమనాలి?

మీ ప్రశ్న: ఫ్రాన్స్‌లోని ఒక క్యాంప్‌సైట్ కరపత్రాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్నారు. అందులో ‘త్వాలెత్ అ లా త్యుర్క్’ అని ఉంది. ‘టర్కిష్ టాయిలెట్’ అని రాస్తే సరిపోతుందా, ఎవరైనా నొచ్చుకుంటారా?

రాయకండి. ఆ తప్పు నేను చేసి ఉన్నాను. ‘స్క్వాట్ టాయిలెట్’ అని రాయండి, పనైపోతుంది. ఎందుకంటారా, అది కాస్త పొడుగు కథ.

వస్తువు మనకు కొత్తేం కాదు. గొంతుక్కూర్చునే దొడ్డి, మనం ‘ఇండియన్ టాయిలెట్’ అంటామే, అదే. ఫ్రాన్స్‌లో పాత కేఫుల్లో, క్యాంప్‌సైట్లలో, హైవేల పక్కన ఆగే చోట్ల ఇంకా కనిపిస్తుంది. మొదటిసారి అక్కడ ఒక హైవే పక్కన తలుపు తీసి చూడగానే ప్రాణం లేచొచ్చింది. స్టీలు పళ్లెం, గరుకు గీతలున్న రెండు పాదాల దిమ్మెలు, అచ్చం మన ఇంట్లో ఉన్నట్టే. తీరా లోపలికెళ్లాక చూస్తే కుళాయి లేదు, మగ్గు లేదు, గోడకి కాగితం చుట్ట ఒక్కటే. సరే, ఎలాగో కానిచ్చి ఫ్లష్ లాగాను. పళ్లెం నిండా నీళ్లు ఎగజిమ్మి బూట్లు మునిగాయి. బయట నిలబడ్డ ఫ్రెంచ్ స్నేహితుడు నా కాళ్లు చూసి, “ముందు గుమ్మంలోకి వచ్చి, చెయ్యి చాపి లాగాలయ్యా” అన్నాడు. ముందే చెప్పొచ్చుగా!

ఇక అనువాదం సంగతి. దక్షిణ ఫ్రాన్స్‌లో సెలవులకి అద్దెకిచ్చే ఒక పల్లెటూరి ఇంటి వివరాలు నాకు వచ్చాయి. ‘పెరట్లో ఒక దుబ్లవే సే (అంటే డబ్ల్యూ.సీ.) అ లా త్యుర్క్’ అని రాసి ఉంది. మాటకి మాట ‘టర్కిష్ స్టైల్ టాయిలెట్’ అని పెట్టి పంపేశాను. ఇంగ్లండ్‌లో ఉండే ఎడిటరు గారు పక్కన ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపారు: “ఇది టర్కిష్ బాత్ లాంటిదా? ఆవిరి గది ఉందా?” అలాగే అచ్చయి ఉంటే జనం తువ్వాళ్లు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లేవాళ్లు. నాలుక్కరుచుకుని ‘ఇండియన్ స్టైల్’ అని దిద్దాను. మన రైలు బోగీల తలుపుల మీద చిన్నప్పటి నుంచి చదివిన మాట కదా, చెయ్యి దానంతటదే రాసేసింది. ఈసారి వచ్చిన ప్రశ్న: “ఓనరు భారతీయుడా?” మూడోసారికి గానీ ‘స్క్వాట్ టాయిలెట్’ తట్టలేదు.

అర్థం కాకపోవడం ఒక ఎత్తు. ఎవరి పేరు ఎవరు పెట్టారన్నది ఇంకో ఎత్తు. తమకి నచ్చనిదాన్ని పక్క దేశం ఖాతాలో రాయడం యూరప్‌లో పాత అలవాటే. చెప్పాపెట్టకుండా జారుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు ‘ఫ్రెంచ్ లీవ్’ అంటారు. ఫ్రెంచివాళ్లు అదే పనిని ‘ఫిలే ఆ లాంగ్లేజ్’, అంటే ఇంగ్లీషువాళ్లలా జారుకోవడం అంటారు. కండోమ్ విషయంలోనూ ఇదే తంతు: ఇంగ్లీషువాళ్లది ‘ఫ్రెంచ్ లెటర్’, ఫ్రెంచివాళ్లది ‘కపోత్ ఆంగ్లేజ్’, అంటే ఇంగ్లీషు తొడుగు. ఇవి సమ ఉజ్జీల వేళాకోళాలు, చెల్లుకి చెల్లు. టర్కీవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అలా లేదు. ఫ్రెంచ్‌లో ‘తేత్ ద త్యుర్క్’ అంటే టర్కీవాడి తల. అందరూ ఒకడి మీదే పడి ఏడిపిస్తుంటే వాడిని అలా అంటారు. ఒకప్పుడు అక్కడి తిరనాళ్లలో తలపాగా చుట్టిన తల బొమ్మ ఉండే యంత్రాన్ని గుద్ది బలం చూపించుకునేవాళ్లు, అక్కడి నుంచి వచ్చిందట. అలాంటి వరసలో ఈ దొడ్డి కూడా చేరితే వినేవాళ్లకి ఎలా ఉంటుంది?

ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఒకావిడ కొన్నాళ్లు నాతో ఒక ప్రాజెక్టులో పనిచేసింది. మొహమాటపడుతూనే ఆవిణ్ణి అడిగాను. నవ్వేసింది. వాళ్లూ ‘అలాతుర్కా’ అనే అంటారట, ఎత్తు కమోడ్‌ని ‘అలాఫ్రాంగా’ అంటారట. రెండూ ఇటాలియన్ నుంచి వచ్చినవే. “మేము అంటే అది ఒక రకం పేరు. వీళ్లు ముక్కు చిట్లించి అంటే వేరేగా వినిపిస్తుంది” అంది. మన ‘ఇండియన్ టాయిలెట్’ సంగతీ అంతేగా. ప్లంబరు “ఇండియన్ పెట్టమంటారా, వెస్టర్న్ పెట్టమంటారా” అని అడిగితే మనకేం అనిపించదు. అదే మాట ఒక విదేశీ టూరిస్టు నోటి నుంచి ఇంకో రకంగా తగులుతుంది. (‘అలాఫ్రాంగా’లోని ఫ్రాంకులే, అంటే పడమటి యూరప్‌వాళ్లే, మన ‘పరంగి’, ‘ఫిరంగి’ మాటల్లోనూ ఉన్నారు. మనకి మిగిలింది ఫిరంగి, వాళ్లకి మిగిలింది కమోడ్.)

పేర్ల విషయంలో మనమూ తక్కువ తినలేదు. హార్డ్‌వేర్ షాపులో ఈ పళ్లెం పేరు ‘ఒరిస్సా పాన్’. 2011లో ఆ రాష్ట్రం ఒడిశా అయింది గానీ పాన్ మాత్రం ఒరిస్సాగానే ఉండిపోయింది. అటూ ఇటూ పనికొచ్చే వెడల్పంచు కమోడ్‌ని ‘ఆంగ్లో ఇండియన్’ అంటారు. ఒక జనం పేరు అది! వాళ్లనెవరూ అడిగినట్టు లేదు.

‘స్క్వాట్ టాయిలెట్’ అన్నిచోట్లా సరిపోతుందా, ‘టర్కిష్’ అన్న మాట ఎప్పుడూ వాడకూడదా అంటే, అలా కూడా కాదు. ఒకసారి రిటైరైన ఫ్రెంచ్ లారీ డ్రైవరు ఇంటర్వ్యూ ఒకటి ఇంగ్లీషులోకి అనువదించాను. ఆయన ‘షియోత్ అ లా త్యుర్క్’ అన్నాడు. షియోత్ అంటే మోటు మాట, మన ‘పాయఖానా’ కంటే రెండాకులు ఎక్కువే. అక్కడ పెద్దమనిషి తరహాలో స్క్వాట్ టాయిలెట్ అని పెడితే ఆ డ్రైవరు కాస్తా శానిటరీ ఇన్‌స్పెక్టరు అయిపోతాడు. నేలలో కంపు కొట్టే బొక్క అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పెట్టాను. ఆయన కోపం ఆ కంపు మీద, టర్కీ మీద కాదు, అది పోకుండా ఉంటే చాలనుకున్నాను. మాట్లాడేవాడు నిజంగానే టర్కీవాళ్లని ఎద్దేవా చేస్తుంటే మాత్రం ‘టర్కిష్’ ఉంచాల్సిందే, అది తీసేస్తే వాడి బుద్ధిని మనం కడిగిపెట్టినట్టు.

తెలుగులోకి చెయ్యాల్సి వస్తే ఇంకా జాగ్రత్త. ‘టర్క్’ అన్న మాట మన దగ్గర ‘తురక’ అయి, ఎక్కడి ముస్లింనైనా చులకనగా అనే మాటగా మారింది. దాన్ని దొడ్డి పక్కన పెడితే గొడవే. అలాగని ఫ్రెంచ్ డ్రైవరు నోట ‘ఇండియన్ టాయిలెట్’ అనిపించినా నవ్వులాటే. నేనైతే ‘కింద కూర్చునే దొడ్డి’ అంటాను.

మీది క్యాంప్‌సైట్ కరపత్రం కాబట్టి ఈ తంటాలేవీ లేవు. ‘స్క్వాట్ టాయిలెట్’ పెట్టేయండి. లోపల కుళాయి ఉందో లేదో ఓనర్‌ని అడిగి, వీలైతే ఆ ముక్క కూడా చేర్చమనండి. మనవాళ్లెవరైనా బుక్ చేసుకుంటే చెంబు సర్దుకుని వెళ్తారు.